తోట ఎవరిది, బడి ఎవరికి?

తల్లాడ సెంటర్‌లో నిలబడితే మూడు దారులు కనపడతాయి. పడమటి దారి వైరా మీదుగా ఖమ్మం పోతుంది. తూర్పు దారి కల్లూరు, సత్తుపల్లి దాటి అశ్వారావుపేట చేరుతుంది. మూడోది కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం అడవి వైపు. మొదటి దారిలో, వైరాలో, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రెండో దారి చివర అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది. రెండూ ఇవాళ ప్రొఫెసర్ జయశంకర్ పేరు మీద నడుస్తున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివే. చదువు చెప్పడానికి పెంచే పొలం, తోట, నారుమడి ఇలాంటి సంస్థలకు ప్రాణం. మూడో దారి సంగతి తర్వాత చెప్తాను.

ఈ దారుల మీద పొద్దున్నే ఇంకో దృశ్యం ఉంటది. మిరపకోతల కాలంలో, పత్తి ఏరే కాలంలో, నాట్ల కాలంలో ఊరి చివరి వాడల నుంచి ఆడవాళ్ళు సద్ది డబ్బాలు పట్టుకుని ఆటోల్లో ఎక్కుతారు. ఎక్కువమంది మాల, మాదిగ ఆడవాళ్ళు. కొందరు అడవి వైపు నుంచి వచ్చిన కోయవాళ్ళు. ఆ ఆటో కృషి విజ్ఞాన కేంద్రం గేటు ముందు నుంచే పోతుంది. ఆగదు. ఆగితే గిగితే లోపల కలుపు పని ఉన్న రోజున ఆగుతుంది.

విశ్వవిద్యాలయం తోట ప్రజల కోసం, సమాజం కోసం అంటారు. ఈ మాట 60 ఏళ్ళుగా వింటున్నాం. సమాజం అంటే ఎవరు? తోటలో పాఠం ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, ఎవరు గడ్డపార పట్టారు? వ్యవసాయ విద్య చరిత్ర రాసినవాళ్ళు విత్తనాల పేర్లు రాశారు, దిగుబడులు రాశారు, వైస్ ఛాన్సలర్ల పేర్లు రాశారు. ఈ మూడు ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని మనమే అడగాలి.

ముందు 'తోట' అన్న మాట దగ్గరే ఆగుదాం. మన ప్రాంతంలో తోట అంటే మామిడి తోట, బత్తాయి తోట, జామాయిల్ తోట, ఇప్పుడు పామాయిల్ తోట. వాటిలో మనోళ్ళది అయిన తోట ఎన్నడైనా విన్నామా? దళితుల నోట తోట అనే మాట వస్తే దాని ముందు ఎప్పుడూ ఎవరిదో పేరు ఉంటది: ఫలానా దొర తోట, ఫలానా వారి తోట. రాలిన కాయ ఏరుకున్నందుకు దెబ్బలు తిన్న జ్ఞాపకం లేని వాడ తెలుగు నేలమీద తక్కువ. కాబట్టి 'పబ్లిక్ తోట' అనేమాట మన చెవికి కొంచెం కొత్తగానే వినపడుతుంది.

తెలుగు నేలమీద శాస్త్రం కోసం పెంచిన తోటల్లో అన్నిటికంటే పేరున్న పాతది సామర్లకోటది. అది విశ్వవిద్యాలయానిది కాదు, ఈస్టిండియా కంపెనీ నీడలో పుట్టినది. ఎడిన్‌బరోలో చదువుకున్న స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780లలో సామర్లకోటలో ఉండి అక్కడ తోట వేశాడు. రాజమండ్రి సర్కారు కొండల్లో పెరిగే మిరియం తీగెలు తెప్పించి నాటించాడు. నీలిమందు, చెరకు, రంగులిచ్చే మొక్కల మీద ప్రయోగాలు చేశాడు. వానలు ఎంత పడ్డాయో రోజూ రాసి పెట్టాడు. 1793లో కలకత్తా దగ్గరి శిబ్‌పూర్ తోటకు అధిపతిగా వెళ్ళిపోయాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో లండన్‌లో అచ్చయింది.

ఆ పుస్తకాన్ని మన విద్యార్థులు ఒకసారి తప్పకుండా చూడాలి. బొమ్మలు చాలా బాగుంటాయి. వాటిని గీసినవాళ్ళు ఈ దేశపు చిత్రకారులు. బొమ్మ కింద వాళ్ళ పేరు లేదు. మొక్క వర్ణనలో దాని 'తెలింగ' పేరు ఉంటుంది, అంటే మన తెలుగు పేరు. తునికి అక్కడ ఉంది. చిల్లగింజ ఉంది, బురద నీళ్ళను తేర్చే గింజ. ఎర్రరంగు ఇచ్చే చిరువేరు ఉంది. జ్వరానికి వాడే సోమిద చెక్క గురించి ఆయన ప్రత్యేకంగా రాశాడు, దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులుగా దీన్ని వాడొచ్చునా అని పరీక్షించాడు. తర్వాత శాస్త్రం ఆ చెట్టు జాతికి 'సోయ్మిడా' అని పేరు పెట్టింది. మన తెలుగు మాటే, లాటిన్ చొక్కా తొడుక్కుంది.

పేరు మిగిలింది. పేరు చెప్పిన నోరు మిగల్లేదు. అడవిలోకి దారి చూపినవాళ్ళు, ఇది జ్వరానికి, ఇది చేపల మత్తుకు, ఇది తోలుకు అని చెప్పినవాళ్ళు, వేరు తవ్వి తెచ్చినవాళ్ళు పుస్తకంలో 'నేటివులు' అనే ఒక్క మాటలో కలిసిపోయారు. ఇందులో తెల్లవాడి తప్పు మాత్రమే ఉందనుకుంటే పొరపాటు. పండితులు రాసుకున్న నిఘంటువుల్లోనూ మొక్కకు పర్యాయపదాలు డజన్లు ఉంటాయి, ఆ మొక్కతో బతికే కులం పేరు మాత్రం ఉండదు. కంపెనీ వైద్యుడు కనీసం మనవాళ్ళ మాటను మాటగా రాసుకున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1790 దశకం మొదట్లో ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. రాక్స్‌బర్గ్ దాన్ని కళ్ళారా చూశాడు. కరువు రోజుల్లో బీదవాళ్ళ కడుపు నింపడానికి కొబ్బరి, పనస, అరటి లాంటివి ఊరూరా నాటించాలని కంపెనీకి రాశాడు. తోట అంటే పన్నులిచ్చే పంట మాత్రమే కాదు, లేనివాడి తిండి కూడా అనే ఆలోచన అది. కంపెనీకి మాత్రం మిరియం, నీలిమందు, పట్టు మీదే మనసు. ఒకే తోటకు రెండు చూపులు. ఈ రెండు చూపుల తగువు ఇవాళ్టికీ తెగలేదు.

ఇప్పుడు మన చెట్టు ఒకటి తీసుకుందాం. తంగేడు. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో అది లేనిదే పేర్చడం మొదలు కాదు. ఏ కళాశాల మొక్కల తోటలో చూసినా చెట్టు మొదట్లో రేకు పలక ఉంటది: పైన లాటిన్ పేరు, కింద కుటుంబం పేరు, తెలుగు పేరు ఉంటే ఉంటది, ఆపైన 'ఔషధ గుణములు కలది' అని ఒక ముక్క. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో మార్కులు పడతాయి.

తంగేడు చెక్క లేకుండా మాదిగ లంద లేదు. పచ్చి తోలును ముందు సున్నపు నీళ్ళలో నానేయాలి. వెంట్రుక ఊడేదాకా, కింది కండ పొరను గీకేదాకా అదొక పని. సున్నం పోయేదాకా కడగడం ఇంకో పని. ఆ తర్వాత తంగేడు చెక్క దంచి నానబెట్టిన నీళ్ళలో తోలు రోజుల తరబడి ఊరాలి. తర్వాత తోలును సంచిలాగా కుట్టి, లోపల చెక్క కూరి, నీళ్ళు నింపి వేలాడదీసే పద్ధతి ఒకటుంది. చివర కరక్కాయ నీళ్ళు. ఏ ఎండలో ఎన్ని రోజులు, ఏ వయసు చెట్టు చెక్క, ఎద్దు తోలుకు ఎంత, మేక తోలుకు ఎంత, ఇవన్నీ చేతులకు తెలుసు. ముక్కుకు తెలుసు. దీన్ని రసాయన శాస్త్రం అని ఎవరూ అనలేదు, 'వాసన' అన్నారు. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ వచ్చింది, తోలు శుద్ధి విశ్వవిద్యాలయ డిగ్రీ అయింది. డిగ్రీకి గౌరవం వచ్చింది, లందకు రాలేదు. ఆ డిగ్రీ చదివినవాణ్ణి ఊరిబయట ఉంచలేదు గదా!

తోటకూ లందకూ సంబంధం ఏందని ఎవరైనా అడగొచ్చు. కరెంటు మోటారు రాకముందు బావి కింది తోట ఏదైనా మోట మీదే బతికింది. మోటకు తోలు కావాలి. ఆ తోలు సంచీ, దాని తొండం కుట్టినవాడు మాదిగ. మోట తోలినవాడు జీతగాడు. అంటే దొర తోటలో కాసిన ప్రతి కాయ వెనక లందలో ఊరిన ఒక తోలు ఉంది. బడితోటలో తంగేడు కింద రేకు మీద ఈ మాట ఒక్క వాక్యంగా రాస్తే ఎంత చోటు పడుతుంది? చోటు లేక కాదు రాయనిది.

ఇక విశ్వవిద్యాలయాల కాలానికి వద్దాం. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలయింది. హైదరాబాద్ వ్యవసాయ కళాశాల 1946లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి రెండింటినీ కలుపుకుంది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక 2014లో తెలంగాణకు జయశంకర్ పేరుతో వేరే విశ్వవిద్యాలయం వచ్చింది. ఒకరు రైతు నాయకుడు, ఒకరు తెలంగాణ పోరాటానికి దారి చూపిన ఆచార్యుడు. నాగలి వెనక నడిచిన కూలి పేరు మీద ఇంతవరకు ఏ వ్యవసాయ భవనమూ లేచినట్టు కనపడదు.

అమెరికా ప్రభుత్వ సాయంతో ఈ విశ్వవిద్యాలయానికి రూపం దిద్దడంలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళకు పెద్ద పాత్ర ఉంది. అమెరికాలో 1862 చట్టం కింద ప్రభుత్వ భూములిచ్చి పెట్టించిన కళాశాలల నమూనా అది: బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే చూరు కింద ఉండాలి, విశ్వవిద్యాలయం రైతు పొలానికి పోవాలి. నమూనా మంచిదే. కానీ అది ఏ రైతును దృష్టిలో పెట్టుకుని పుట్టిందో చూడాలి. సొంత భూమి ఉన్న తెల్ల రైతును. నల్లవాళ్ళకు ఆ కళాశాలల తలుపు చాలాచోట్ల మూసి ఉండేది కాబట్టే 1890లో ఇంకో చట్టం చేసి నల్లవాళ్ళకు వేరే కళాశాలలు పెట్టాల్సి వచ్చింది.

అదే అమెరికాలో, అదే కాలంలో, ఇంకో నమూనా ఉంది. అలబామాలోని టస్కేజీ. 1881లో బుకర్ టి. వాషింగ్టన్ మొదలుపెట్టిన నల్లవాళ్ళ విద్యాసంస్థ. 1896లో అక్కడికి జార్జ్ వాషింగ్టన్ కార్వర్ వచ్చాడు. బానిసగా పుట్టినవాడు, వృక్షశాస్త్రం చదివినవాడు. చుట్టూ ఉన్న నల్ల రైతులు చాలామంది పాలుకు చేసేవాళ్ళు. పత్తి వేసి వేసి నేల చచ్చిపోయింది. ఎరువు కొనడానికి చేతిలో డబ్బు లేదు. కార్వర్ వాళ్ళకు ఎరువు బస్తాల గురించి చెప్పలేదు, చిత్తడి నేలల నుంచి తెచ్చే బురద, రాలిన ఆకులు కుళ్ళబెట్టడం గురించి చెప్పాడు. అలసంద, చిలగడదుంప, వేరుశనగ వేయమన్నాడు. నేలకు బలం, ఇంటికి తిండి. ఆయన రాసిన చిన్న చిన్న కరపత్రాలు వంట తెలిసిన ఆడమనిషికి కూడా పనికొచ్చేటట్టు ఉంటాయి.

వాళ్ళు బడికి రాలేరు కాబట్టి బడి బండెక్కింది. 1906లో టస్కేజీ విద్యార్థులే తయారుచేసిన జెసప్ బండి పల్లెలకు బయల్దేరింది. అందులో నాగళ్ళు, విత్తనాలు, వెన్న చిలికే యంత్రం. దాన్ని తిప్పిన థామస్ కాంప్‌బెల్ అమెరికా వ్యవసాయ శాఖ నియమించిన మొదటి నల్లజాతి విస్తరణాధికారి. కొన్నేళ్ళకు ఎద్దుల, కంచరగాడిదల కాలం పోయి మోటారు బండి వచ్చింది. 1923 నాటి బండికి నల్ల రైతులు తలా కొంత చందా వేసుకున్నారు.

మన విశ్వవిద్యాలయానికి అమెరికా నుంచి కాన్సస్ వచ్చింది, టస్కేజీ రాలేదు. నేను చెప్పదల్చుకున్న విషయం ప్రధానంగా ఇదే. అమెరికా నల్లవాళ్ళ విముక్తిని చూసి 1873లో 'గులాంగిరీ'ని అమెరికా ప్రజలకు అంకితమిచ్చిన జ్యోతిరావు ఫూలే, 'షేత్కర్యాచా ఆసూడ్'లో శూద్ర రైతు పిల్లలకు వ్యవసాయ విద్య కావాలని అప్పుడే వాదించాడు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. అంటే దళిత బహుజనుల ఆలోచనలో ఆ సముద్రం మీది వంతెన ఎప్పుడో వేసి ఉంది. ప్రణాళికలు గీసినవాళ్ళు ఆ వంతెన ఎక్కలేదు.

టస్కేజీని నెత్తిన పెట్టుకొమ్మని కాదు నేననేది. వాషింగ్టన్ రాజకీయ హక్కుల సంగతి పక్కన పెట్టమన్నాడని డుబాయిస్ 1903లోనే గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శ సరైనదే. చేతిలో ఓటు లేకుండా చేతిలో విత్తనం ఒక్కటే ఉంటే విత్తనం కూడా నిలవదు. అంబేద్కర్ ఉత్తరం రాసింది డుబాయిస్‌కు అని గుర్తుంచుకోవాలి. అదీగాక పాలుకు చేసే నల్ల రైతుకు కనీసం ఒక మడి చేతికింద ఉంది, మన కూలికి అదీ లేదు. అయినా ఒక విద్యాసంస్థ తన తోటను లేనివాళ్ళ వైపు తిప్పాలనుకుంటే తిప్పగలదని టస్కేజీ చూపించింది. అంతవరకు అది మనకు సాక్ష్యం.

ఇక కృషి విజ్ఞాన కేంద్రాలు. కొఠారీ కమిషన్ సిఫార్సులు, 1973లో వేసిన మోహన్ సింగ్ మెహతా కమిటీ, ఆపైన 1974లో పుదుచ్చేరిలో మొదటి కేంద్రం. తర్వాత జిల్లాకొకటి లెక్కన దేశమంతా వచ్చాయి. 'చేస్తూ నేర్చుకో' అన్నది వాటి సూత్రం. చదువు రానివాళ్ళకు కూడా చేతిపనితో నేర్పాలన్నది ఉద్దేశం. కాగితం మీద చూస్తే ఇది మనకోసమే పుట్టినట్టుంటది. చేస్తూ నేర్చుకున్న జనం మనకంటే ఎవరున్నారు?

పొలంలోకి వచ్చేసరికి లెక్క మారిపోయింది. కేంద్రం వాళ్ళు కొత్త వంగడాన్నో కొత్త పద్ధతినో 'క్షేత్ర ప్రదర్శన'గా చూపించాలి. దానికి రైతు పొలం కావాలి, మామూలుగా ఒక ఎకరం. ఎకరం ఉన్నవాడే విద్యార్థి అయ్యాడు. ఆ ఎకరంలో నారు పీకి నాటిన ఆడమనిషి ప్రదర్శనలో భాగమే, విద్యార్థి కాదు. దిగుబడి పెరిగితే ఫోటోలో రైతు ఉంటాడు. వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను పల్లెల్లో ఉంచి 'గ్రామీణ వ్యవసాయ అనుభవం' నేర్పుతారు. మంచి ఏర్పాటు. ఒక్కో విద్యార్థిని ఒక్కో ఆతిథ్య రైతుకు అప్పగిస్తారు. ఆ కొన్ని వారాలు ఆయన పొలం లెక్కలు, ఆయన పెట్టుబడి, ఆయన కష్టం రాసుకుంటారు. ఆతిథ్య కూలి అని ఒకరుంటే? ఒక్క వారం ఆ పిల్లవాడు కలుపు ముఠాతో పాటు పొద్దున ఆరింటికి ఆటో ఎక్కితే? వ్యవసాయం ఎట్ల నడుస్తదో వాడికి ఇంకో పుస్తకం తెరుచుకునేది.

దళితవాడకు కార్యక్రమాలు రాలేదని అనను. వచ్చాయి. ఎస్సీ ఉప ప్రణాళిక డబ్బు ఉంది కాబట్టి వచ్చాయి. పుట్టగొడుగుల పెంపకం, కుట్టుపని, పచ్చళ్ళు, పెరటి తోట. పెరటి తోట గురించి ఒక్కమాట. పోషకాహారం కోసం పెరట్లో ఇన్ని రకాల కూరగాయలు ఈ వరసలో వేసుకోవాలని చక్కటి బొమ్మ వేసి ఇస్తారు. కాలనీలో సర్కారు ఇచ్చిన రెండు మూడు సెంట్ల జాగాలో ఇల్లు, నీళ్ళ డ్రమ్ము, మేకల కొట్టం పోను మిగిలేది మంచం వేసుకునేంత. ఆ బొమ్మ ఎవరి పెరడును చూసి గీశారో ఎవరికైనా అర్థమవుతుంది. అట్లాగే జాతీయ సేవా పథకం 1969లో మొదలైనప్పటి నుంచి విద్యార్థులు వాడలకు వచ్చి కాలువలు తీసి, మొక్కలు నాటి శ్రమదానం చేస్తున్నారు. పదిరోజుల శ్రమకు దానం అని పేరుంది. పుట్టినప్పటినుంచి చేసేదానికి ఏ పేరూ లేదు.

వీటన్నిటికంటే లోతైన తగువు 'కలుపు' అనే మాటలో ఉంది. వ్యవసాయ పాఠం ప్రకారం కలుపు అంటే అక్కర్లేనిచోట మొలిచిన మొక్క. ఎవరికి అక్కర్లేనిది? పాఠంలో ఆ జాబితా చూడండి: దొగ్గలి, చెంచలి, పాయల కూర, పొన్నగంటి, గలిజేరు, తుమ్మి, గునుగు. ఇది కలుపు జాబితానా, మా అమ్మల కూరల జాబితానా? కలుపుకు పోయిన ఆడమనిషి సాయంత్రం కొంగులో ఇంత ఆకు ముడేసుకుని వచ్చేది. కూలి డబ్బు దుకాణానికి పోయేది, కొంగులో ఆకు కుండలోకి పోయేది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఇలా ఎవరూ విత్తకుండా మొలిచే తిండి మొక్కల మీద పెద్ద పనే చేశారు. ఒక్కో మొక్క ఏ చేలో, ఏ కార్తెలో, ఎట్లా వండాలి, ఏ జబ్బుకు మంచిది అని. ఇనుము, విటమిన్లు ఉన్న ఆకుకూరలు తినండని పెరటి తోట కరపత్రంలో రాసి, అదే ఆకును కలుపు అధ్యాయంలో చంపమని చెప్పే చదువు మనది. మందు కొట్టి చంపిననాడు కూర పోతుంది, కలుపు కూలి కూడా పోతుంది. మా వైపు వరిలో, పత్తిలో గడ్డి మందు వచ్చాక ఆడవాళ్ళ పనిదినాలు తగ్గిన సంగతి ఏ ఇంట్లో అడిగినా చెప్తారు.

ఇప్పుడు మూడో దారి. తల్లాడ నుంచి కొత్తగూడెం మీదుగా పోతే పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. పత్తి, పురుగుమందు, అప్పు, చావు, ఇదీ ఖమ్మం వరంగల్ జిల్లాల పత్తి చరిత్ర. పునుకుల రైతులు పురుగుమందులు మానేసి, 2004లో తమది పురుగుమందులు లేని ఊరని ప్రకటించుకున్నారు. స్వచ్ఛంద సంస్థల సాయం ఉంది. కానీ అక్కడ ఊరే బడి అయింది. వేపగింజ కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం తయారీ ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు. మహిళా సంఘాలు ముందుకొచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి పోయారు. 2005 నుంచి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా ఇదే పద్ధతిని జిల్లాలకు పాకించింది. ఇక్కడ మనకు కావాల్సిన సంగతి ఏందంటే, మందుడబ్బా స్థానంలో వేపగింజ వచ్చేసరికి గింజ ఏరే చేతికి, దంచే చేతికి పని వచ్చింది. డబ్బు దుకాణానికి పోకుండా ఊళ్ళో తిరిగింది. ఏ సాంకేతికత ఎవరి చేతికి పని ఇస్తుంది, ఎవరి చేతి నుంచి పని గుంజుకుంటుంది అన్న లెక్క విశ్వవిద్యాలయ తోటలో ఎన్నడూ వేయలేదు.

జహీరాబాద్ కథ ఇంకా దూరం పోయింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలయింది. దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు. సర్కారు పంచిన రాళ్ళ భూములు, బీడుపడిన పట్టాలు బాగుచేసుకున్నారు. కొందరు కలిసి భూమి కౌలుకు పట్టారు. ఎర్రనేలలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, నువ్వు కలిపి వేసే పద్ధతిని మళ్ళీ నిలబెట్టారు. విత్తనం ఇంట్లో బుట్టల్లో బూడిద, వేపాకు వేసి, మట్టి మెత్తి దాస్తారు. అడిగినవాళ్ళకు ఇస్తారు. తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక రెట్టింపు తిరిగి ఇవ్వాలి. ప్రతి ఏడూ చలికాలం చివర్లో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర తీస్తారు. జెసప్ బండి గుర్తొస్తుంది గదా! తేడా ఒక్కటే. ఇక్కడ బండి మీద పాఠం చెప్పేది విశ్వవిద్యాలయం మనిషి కాదు, ఒకప్పుడు ఆ ఊళ్ళో కూలికి పోయిన ఆడమనిషి. 2008లో సంగం రేడియో మొదలయితే మైకు ముందు కూర్చున్నదీ వాళ్ళే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది. మన చర్చకు ముఖ్యమైన విషయం: ఇదే సంస్థ కింద దిడ్గిలో ఒక కృషి విజ్ఞాన కేంద్రం కూడా నడిచింది. అంటే అదే పేరు, అదే పథకం. మారింది పాఠం చెప్పే మనిషి.

ఇక్కడ నాకు రెండు అనుమానాలున్నాయి, దాచుకోను. ఒకటి, ఆ సంస్థకు దిశ చూపినవాళ్ళు, బయట ప్రపంచంతో మాట్లాడినవాళ్ళు చదువుకున్న బయటివాళ్ళే. రెండోది, పాత పంటల మీద పొగడ్త ఎక్కువైనప్పుడు నాకు భయమేస్తుంది. జొన్న సంకటి, అంబలి మన ముత్తాతలకు ఆరోగ్యం కోసం తిన్న తిండి కాదు, వరి అన్నం దొర ఇంట్లో ఉండేది కాబట్టి తిన్న తిండి. పాత విత్తనంతో పాటు పాత వెట్టిని కూడా సంస్కృతి అని దాచిపెట్టేవాళ్ళుంటారు, జాగ్రత్తగా ఉండాలి. కానీ ఆ ఆడవాళ్ళు విత్తనాన్ని జ్ఞాపకంగా కాదు, హక్కుగా పట్టుకున్నారు. ఎవరి ముందూ చేయి చాపకుండా విత్తుకోవడం అంటే వాడకు ఏమిటో ఊరికి తెలియదు.

తిరిగి తల్లాడకు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక ఇక్కడ భూమి ధర మారింది, భూమి చేతులు మారింది. 1973 సీలింగు చట్టం కింద, అసైన్‌మెంట్ కింద వాడలకు వచ్చిన ముక్కలు చాలావరకు కాలువకు అందని చోట్ల ఉన్నాయి. 1977లో అసైన్డ్ భూముల అమ్మకం చెల్లదని చట్టం చేసినా చేతులు మారడం ఆగలేదు. 2014 ఆగస్టు 15న మొదలుపెట్టిన దళితులకు మూడెకరాల పథకం కొద్దిమందికే దక్కింది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడే రైతు అని సర్కారే తేల్చింది, కౌలుదారూ కూలీ రైతు కాకుండా పోయారు. భూమి లేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12 వేల సాయం 2025 జనవరిలో గానీ మొదలు కాలేదు. ఈలోపు తోటలు పెరుగుతున్నాయి. భద్రాచలం కాగితం మిల్లు కోసం జామాయిల్, సుబాబుల్, అశ్వారావుపేట వైపు నుంచి పామాయిల్. ఏటా నాట్లు, కలుపు, కోతలు ఉన్న చేను తోటగా మారితే పెట్టుబడి పెట్టగలిగినవాడికి నిశ్చింత. ఏటా ఆ చేలో దొరికే కూలి దినాలు మాత్రం తోటతో పాటు పెరగవు. పామాయిల్ ఎలా వేయాలో పాఠం చెప్పేవాళ్ళున్నారు. చేను తోట అయిననాడు ఆ ఆటోలో ఎక్కే ఆడమనిషి ఎక్కడికి పోవాలో చెప్పే పాఠం లేదు.

ఈ ప్రాంతపు విద్యార్థులకు, టీచర్లకు ఒక పని చెప్తాను. కృషి విజ్ఞాన కేంద్రాలు ఏటా నివేదిక రాస్తాయి. శిక్షణ పొందినవాళ్ళను ఆడ, మగ, ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని గడులు గీసి అందులో లెక్క వేస్తారు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ పట్టికలు అడగొచ్చు. వైరావి పదేళ్ళవి తెచ్చుకుని ముందు వేసుకోండి. ఎస్సీ గడిలో అంకె ఎంతో చూడటం ఒక్కటే సరిపోదు. ఏ అంశంలో శిక్షణ ఇచ్చారో పక్కన చూడండి: పంటల యాజమాన్యంలోనా, కుట్టుపనిలోనా. ప్రదర్శన పొలాల పట్టికలో ఎస్సీ పేర్లు ఎన్ని ఉన్నాయో, ఆ పొలాలు ఏ ఊళ్ళో, కాలువకు ఏ పక్కన ఉన్నాయో చూడండి. ఆ తర్వాత భూమి లేని కూలి అనే గడి కోసం వెతకండి. పాఠం చెప్పినవాళ్ళ పట్టికలో మీ వాడ మనిషి పేరు కోసం కూడా.

అశ్వారావుపేట వైపు పోయే పిల్లలు ఇంకోటి కూడా చేయొచ్చు. ఒక నోటు పుస్తకం పట్టుకుని మీ అమ్మమ్మను, పక్కింటి అవ్వను వెంటబెట్టుకుని తోటలోకి పోండి. చెట్టు చెట్టు దగ్గరా ఆమె చెప్పేది రాసుకోండి. కింద ఆమె పేరు, ఊరు, కులం రాయండి.